పిల్లల్ని కనాలా? ఎప్పుడు? ఎంతమందిని?
(కొత్త దంపతులు, వారి పెద్దలు తెలుసుకోవలసిన సంగతులు)

ఇలాంటి పుస్తకాల్లో మీరు బి.పి. గురించి, చక్కెర వ్యాధి గురించి, మలేరియా దోమల గురించి చదివే ఉంటారు. ఈ పాఠం జబ్బు గురించి కాదు. మీ ఇంట్లో కొత్తగా పెళ్లయిన కొడుకో కూతురో ఉంటే వాళ్లు పిల్లల విషయం ఎలా నిర్ణయించుకోవాలి, అందులో పెద్దలుగా మనం ఎంతవరకు మాట్లాడాలి అన్నదే ఇక్కడ చెప్పుకుంటున్నాం. మీరు చదివాక ఇంటికి తీసుకెళ్లి వాళ్ల చేత కూడా చదివించండి.

ముందు నా తప్పు నేను ఒప్పుకుంటాను. నర్సుగా చేరిన కొత్తలో, మెళ్లో పసుపుతాడు ఆరని ఏ అమ్మాయి కనబడినా "ఏటమ్మా, ఏటైనా విశేషమా?" అని అడిగేదాన్ని. ప్రేమగానే అడిగేదాన్ని. మన వైపు అది పలకరింపే కదా. ఒకరోజు జ్వరంతో వచ్చిన ఒక అమ్మాయికి ఇంజక్షన్ చేస్తూ అదే మాట అడిగాను. ఆమె తల దించుకుని, నాకు మాత్రమే వినబడేటట్టు, "మా ఆయన నాతో మాటాడి నాలుగు నెలలైంది సిస్టరమ్మా" అంది. ఆ తరువాత నేను ఆ పలకరింపు మానేశాను.

ఎవరు నిర్ణయిస్తున్నారు?

ఒక అత్తగారు కోడలిని తీసుకుని వచ్చారు. పెళ్లయి ఎనిమిది నెలలు. అమ్మాయికి 19 ఏళ్లు. డాక్టరమ్మ అమ్మాయిని ఏమి అడిగినా జవాబు అత్తగారే చెబుతున్నారు. ముట్టు ఎప్పుడు వచ్చింది, ఎన్ని రోజులు ఉంటుంది, కడుపులో నొప్పి ఉందా, అన్నీ ఆవిడే. చివరికి డాక్టరమ్మ నాకు సైగ చేస్తే, "రండమ్మా, మీ బి.పి. చూద్దాం" అని ఆవిడను బయటికి తీసుకెళ్లాను. (బి.పి. నిజంగానే ఎక్కువ ఉంది. మాత్రలు మొదలుపెట్టాం.)

ఆ అమ్మాయి ఒంటరిగా చెప్పింది ఇంతే: "నాకు ఇప్పుడే వద్దని ఉంది. ఇంటర్‌లో ఒక సబ్జెక్టు ఉండిపోయింది, రాసుకోవాలని ఉంది. కానీ ఆయనకి కావాలేమో." మరుసటి వారం భర్తను రమ్మన్నాం. పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో పని, షిఫ్టు మార్చుకుని వచ్చాడు. అతడు చెప్పింది విని నేను, డాక్టరమ్మ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "నాకూ భయంగానే ఉందండి. జీతం చాలదు. కానీ తనకి పిల్లలంటే ఇష్టం, అమ్మ కూడా ఎదురుచూస్తోంది."

చూశారా? ఎనిమిది నెలలు ఒకే గదిలో ఉన్న ఇద్దరూ ఒకే మాట మనసులో పెట్టుకుని, అవతలి వాళ్ల కోసమని ఒకరికొకరు చెప్పుకోలేదు. రక్తపరీక్ష చేస్తే అమ్మాయి హిమోగ్లోబిన్ 7.4. ఆ నెల గర్భం వచ్చి ఉంటే ఇద్దరికీ ఇష్టం లేని సమయంలో, రక్తం లేని ఒంటితో ఆమె బిడ్డను మోయవలసి వచ్చేది. ఆ రక్తం పదకొండుకి రావడానికి అయిదు నెలలు పట్టింది. సబ్జెక్టు పాసైందో లేదో నాకు చెప్పలేదు.

మన దగ్గర పిల్లల సంగతి చాలా ఇళ్లలో నిర్ణయం కాదు, దానంతట అది జరిగిపోతుంది. పెళ్లవుతుంది, ఏడాదికి ఒకరు, ఆ వెంటనే రెండో వారు, తరువాత ఆపరేషన్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల వయసు స్త్రీలలో వందకి 29 మందికి 18 నిండకముందే పెళ్లయిపోయింది. పెళ్లయిన స్త్రీలలో వందకి సుమారు 70 మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారు. వాళ్లలో చాలామందికి ఆపరేషన్ నాటికి పాతికేళ్లు కూడా నిండవు. అంటే మన ఆడపిల్ల ఓటు హక్కు వచ్చిన అయిదారేళ్లలోనే తల్లి కావడం మొదలుపెట్టి ముగించేస్తోంది. ఈ మొత్తంలో ఆమెనూ, ఆమె భర్తనూ కూర్చోబెట్టి "మీకేం కావాలి?" అని అడిగిన రోజు ఒక్కటైనా ఉందా అన్నది నా ప్రశ్న.

ఒకప్పుడు వద్దన్నారు, ఇప్పుడు కనమంటున్నారు

మీలో పెద్దవారికి ఎర్ర త్రికోణం గుర్తుండే ఉంటుంది. గోడల మీద "మేమిద్దరం, మాకిద్దరు" అని రాసేవారు. మన దేశం 1952లోనే కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలున్నవారు పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదని పెట్టారు. ఆ నియమాన్ని 2024 నవంబరులో మన శాసనసభ తీసేసింది. దానికి ముందు నెలలోనే ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు ఎక్కువమంది పిల్లల్ని కనమని ప్రజలను కోరారు. 2025 మార్చిలో విజయనగరం ఎం.పి. కలిశెట్టి అప్పలనాయుడు గారు, మూడో బిడ్డగా ఆడపిల్ల పుడితే యాభై వేలు డిపాజిట్ చేస్తానని, మగపిల్లవాడు పుడితే ఆవును ఇస్తానని ప్రకటించారు.

ఎందుకింత మార్పు? 1992-93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 నాటికి మన రాష్ట్రంలో అది 1.7కి దిగింది. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాలంటారు. రేపు ముసలివారు ఎక్కువై, పనిచేసేవారు తక్కువవుతారని ప్రభుత్వం దిగులు. ఆ దిగులు అబద్ధం కాదు. దక్షిణ కొరియాలో 2023లో ఇది 0.72కి పడిపోయింది. అక్కడి ప్రభుత్వం ఎన్నో ఏళ్లుగా ఎంతో డబ్బు ఖర్చు పెట్టినా అప్పటివరకు పడిపోవడం ఆగలేదు.

అయితే నేను చూసేది ఒక్కటే. వద్దన్న రోజుల్లోనూ, కనమన్న రోజుల్లోనూ రాత్రి రెండు గంటలకి ఏడ్చే బిడ్డను ఎత్తుకునేది ఆ ఇద్దరే. ఆవు పాలిస్తుంది గాని బిడ్డను స్కూలుకి దింపదు కదా. ప్రభుత్వం చెప్పినా, పక్కింటివారు చెప్పినా విని, తమ ఇంటి లెక్క తామే వేసుకోవాలి.

పెద్దల భయం కూడా నాకు తెలుసు. మా అమ్మమ్మ ఎనిమిదిమందిని కంటే అయిదుగురు మిగిలారు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది బిడ్డల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. అలాంటి రోజుల్లో "త్వరగా కనండి, ఎక్కువమందిని కనండి" అనడం తెలివైన మాటే. 2020 నాటికి ఆ సంఖ్య 28. టీకాలు వచ్చాయి, ఆసుపత్రి కాన్పులు వచ్చాయి. కాబట్టి తొందరపడవలసిన పాత కారణం ఇప్పుడు లేదు.

ఇద్దరూ కూర్చుని ఏం మాట్లాడుకోవాలి?

చదువుకున్న పిల్లలు కూడా ఈ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక ఊరుకుంటారు. సిగ్గు, భయం. పెళ్లి చూపుల్లో జీతం అడుగుతాం, కట్నం మాట్లాడతాం (తప్పే, అయినా మాట్లాడతాం), ఈ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. పెళ్లికి ముందే మాట్లాడుకుంటే మరీ మంచిది.

నీకు పిల్లలు కావాలని ఉందా, లేక అందరూ అంటున్నారని ఉందా? ఇప్పుడా, రెండేళ్ల తరువాతా? బిడ్డ పుడితే ఉద్యోగం ఎవరు మానాలి, లేక ఇద్దరూ చేస్తే పగలు ఎవరు చూస్తారు? నైట్ షిఫ్టు మనిషి ఇంట్లో ఏ పని అందుకుంటాడు? అప్పు ఎంత ఉంది? మొదటి బిడ్డ ఆడపిల్లయితే అక్కడితో ఆగడానికి నీకు సమ్మతమేనా? ఈ చివరి ప్రశ్న దగ్గర చాలామంది మగపిల్లలు మాట దాటేస్తారు. దాటనివ్వకండి. కొడుకు కోసమని మూడో కాన్పు, నాలుగో కాన్పు అయి రక్తం ఎక్కించుకుంటున్న తల్లులను నేను చాలామందిని చూశాను. పుట్టబోయేది ఎవరో చెప్పమని స్కానింగు దగ్గర అడగడం, చెప్పడం రెండూ 1994 చట్టం ప్రకారం నేరం. అది కూడా గుర్తు పెట్టుకోండి.

ఒకే రోజులో తేలకపోవచ్చు. ఒకరికి కావాలని, ఒకరికి ఇప్పుడు వద్దని ఉండవచ్చు. అప్పుడు "ఆరు నెలల తరువాత మళ్లీ మాట్లాడుకుందాం" అనుకుంటే చాలు. ఆ ఆరు నెలలూ జాగ్రత్త పాటించాలి. మాట తేలకముందే నెల తప్పితే ఇక మాట్లాడుకునేదేమీ మిగలదు.

ఒంటి సంగతి తెలుసుకున్నాకే నిర్ణయం

ఇరవై ఏళ్లలోపు గర్భం తల్లికీ బిడ్డకీ ప్రమాదం ఎక్కువ. పొట్ట కట్టు పూర్తిగా ఎదగక కాన్పు కష్టమవుతుంది, బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది. మరోవైపు, ఎంతకాలమైనా ఆగవచ్చు అనుకోవడమూ సరికాదు. గర్భం వచ్చే అవకాశం స్త్రీకి ముప్పై దాటాక మెల్లగా, ముప్పై అయిదు దాటాక త్వరగా తగ్గుతుంది. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటున్న పిల్లలకి ఈ రెండో మాట చెప్పాలి. కొయ్యూరు, గొలుగొండ వైపు నుంచి వచ్చే పదిహేడేళ్ల పిల్లకి మొదటి మాట చెప్పాలి.

మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో వందకి 59 మందికి రక్తహీనత ఉందని అదే సర్వేలో తేలింది. పిల్లలు కావాలనుకున్న జంట ముందుగా హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. ఫోలిక్ యాసిడ్ మాత్ర గర్భం వచ్చాక కాదు, రాకముందు నుంచే వేసుకోవాలి. ఎందుకంటే బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం వచ్చిన మొదటి నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిందని కూడా తెలియదు. బి.పి., షుగరు, థైరాయిడ్, మూర్ఛ ఉన్నవారు వాడే మందులను డాక్టరుకి చూపించి, అవసరమైతే మార్పించుకుని, ఆ తరువాతే గర్భం కోసం చూడాలి. సొంతంగా మానేయకూడదు.

చింతపల్లి, జి.కె.వీధి, పాడేరు వైపు నుంచి వచ్చే కుటుంబాలు ఇది శ్రద్ధగా చదవండి. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు గిరిజన ప్రాంతాల్లో ఎక్కువ. ఇందులో రక్తకణాలు కొడవలి ఆకారంలో వంగిపోతాయి. బిడ్డకి ఒళ్లు నొప్పులు, కామెర్లు, మాటిమాటికి రక్తం ఎక్కించవలసి రావడం జరుగుతుంది. తల్లి ఒక్కరిలోనో తండ్రి ఒక్కరిలోనో ఆ లక్షణం ఉంటే బిడ్డకి జబ్బు రాదు. లక్షణం ఉన్న మనిషి మామూలుగానే ఉంటారు, పొలం పని చేసుకుంటారు, తమకు ఉన్నట్టే తెలియదు. కానీ ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం ఉంది. మొదటి బిడ్డకి వచ్చింది కదా, రెండో బిడ్డకి రాదు అనుకోకూడదు. ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటి నుంచే. మేనరికాల్లో ఇలా ఇద్దరిలోనూ ఉండడం మరింత సులభం.

2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది. గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్లలోపు వారికి రక్తపరీక్ష చేసి కార్డు ఇచ్చే కార్యక్రమం అది. ఆ కార్డు పెట్టెలో దాచకండి. పెళ్లి మాట అనుకునేటప్పుడు రెండు వైపుల కార్డులూ చూడండి. పెళ్లి అయిపోయి, ఇద్దరిలోనూ లక్షణం ఉందని తరువాత తెలిసినా దారి మూసుకుపోలేదు. బిడ్డ కడుపులో ఉండగానే పరీక్ష చేసే వీలు పెద్ద ఆసుపత్రుల్లో ఉంది. నెల తప్పిన వెంటనే వస్తే ఎక్కడికి వెళ్లాలో డాక్టరు చెబుతారు. కొంతమంది దంపతులు అన్నీ విని, పిల్లలు వద్దనే నిర్ణయించుకుంటారు. అలా చెప్పి వెళ్లిన ఒక జంటను ఊళ్లో ఎవరెవరు ఏమేమి అన్నారో నాకు తెలుసు. వాళ్లు తమ అన్నగారి బిడ్డ బాధ పదేళ్లు కళ్లారా చూసినవారు.

ఎడం పెట్టుకోవడం, ఆపరేషన్

ఇప్పుడు వద్దు అనుకున్నవారికి, ఇద్దరి మధ్య ఎడం కావాలనుకున్నవారికి పి.హెచ్.సి.లోనూ నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలోనూ ఉచితంగానే పద్ధతులు ఉన్నాయి. నిరోధ్, రోజూ వేసుకునే మాలా-ఎన్, మూడు నెలలకోసారి అంతర ఇంజక్షన్, ఛాయ మాత్ర (మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తరువాత వారానికి ఒకసారి), కాపర్-టి. పదేళ్లు పనిచేసే కాపర్-టి ఉంది, తీయించుకుంటే వెంటనే గర్భం రావచ్చు. అంతర ఆపాక మాత్రం కొన్ని నెలలు పడుతుంది. ఎవరికి ఏది సరిపడుతుందో బి.పి., పాలిచ్చే తల్లి అవునా కాదా లాంటివి చూసి చెబుతారు. పక్కింటావిడకి సరిపడిందని తెచ్చుకుని వేసుకోవద్దు. ఒక కాన్పు తరువాత మళ్లీ గర్భానికి కనీసం రెండేళ్లు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండు కాన్పుల మధ్య మూడేళ్లు ఉండాలని మన ఆశా కార్యకర్తలు చెప్పేది కూడా ఈ లెక్కే.

ఆపరేషన్ గురించి కొంచెం గట్టిగా చెబుతాను. ప్రభుత్వ నియమం ప్రకారం స్త్రీకి 22 ఏళ్లు నిండాలి, కనీసం ఏడాది దాటిన బిడ్డ ఒకరైనా ఉండాలి. నియమం కుదిరింది కదా అని అదే రోజు చేయించేయనవసరం లేదు. ఇరవై మూడేళ్లకి ఆపరేషన్ అయి, ఇరవై ఆరేళ్లకి చెరువులో బిడ్డను పోగొట్టుకుని, "మళ్లీ కలుపుతారా సిస్టరమ్మా?" అని వచ్చిన తల్లి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. గొట్టాలు తిరిగి కలిపే ఆపరేషన్ ఉంది. అందరికీ ఫలించదు. వయసు చిన్నది, రెండో బిడ్డ ఇంకా పాలు తాగుతోంది అన్నప్పుడు కాపర్-టి వేయించుకుని నాలుగేళ్లు ఆలోచించుకోవచ్చు. ఈ మాట కాన్పు వార్డులో ఎవరైనా చెప్పి ఉంటే ఆవిడకి ఒక దారి మిగిలేది.

ఇక మగవారి ఆపరేషన్. మన రాష్ట్రంలో దంపతుల్లో వందకి ఒకరు కూడా దీన్ని ఎంచుకోవడం లేదు. కోత లేకుండా చేసే చిన్న పని, అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. మగతనం తగ్గదు, బరువులు మోసే శక్తి తగ్గదు. మూడు నెలలు నిరోధ్ వాడి, వీర్యపరీక్ష చేయించుకుని, కణాలు లేవని తేలాక మానేయాలి. మూడు కాన్పుల నొప్పి పడిన భార్యనే మళ్లీ బల్ల మీద పడుకోబెట్టే భర్తలను చూస్తే నాకు కోపం వస్తుంది. రాసుకోకూడదు గాని, వస్తుంది.

వద్దనుకున్నవారు, కలగనివారు

ఈ రోజుల్లో కొందరు పిల్లలే వద్దనుకుంటున్నారు. ఒక తల్లి విశాఖలో ఉన్న తన కూతురి గురించి చెప్పి ఇదే బెంచీ మీద ఏడ్చింది. "చదివించి తప్పు చేశానా?" అంది. ఆ కూతురితో తరువాత ఫోనులో మాట్లాడాను. తొమ్మిదేళ్లు మంచంలో ఉన్న నాన్నకి సేవ చేసి అలసిపోయిన పిల్ల. ఇంకొకరి బాధ్యత మోసే ఓపిక తనకు లేదని తనకే తెలుసు. అది స్వార్థమని నేను అనలేను. మనసు మారితే మారుతుంది, మారకపోతే లేదు. తల్లితో నేను అన్నది, "కూతురు ఫోను చేసినప్పుడు వేరే ఏదైనా మాట్లాడండి" అని. అప్పటికి ఆరు నెలలుగా ఆ పిల్ల ఫోను చేయడమే తగ్గించేసింది.

కావాలనుకున్నా కలగనివారిది వేరే బాధ. ప్రపంచంలో పెద్దవారిలో ప్రతి ఆరుగురిలో సుమారు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపింది. ఏడాది కాపురం చేసినా గర్భం రాకపోతే, భార్యకి ముప్పై అయిదు దాటితే ఆరు నెలలకే, పరీక్షలకి రావాలి. ఇద్దరూ రావాలి. దాదాపు సగం జంటల్లో మగవారి వైపు లోపం కూడా ఉంటుంది. అయినా "గొడ్రాలు" అన్న మాట ఆడదానికే ఉంది, మగవాడికి అలాంటి తిట్టే లేదు. మొదటి పరీక్ష వీర్యపరీక్షే, అది అన్నిటికన్నా చవక, నొప్పి లేనిది. దత్తత తీసుకోవాలనుకుంటే ప్రభుత్వ సంస్థ 'కారా' ద్వారా చట్టప్రకారం పేరు నమోదు చేసుకోవచ్చు. దంపతులకి కనీసం రెండేళ్ల స్థిరమైన కాపురం ఉండాలి. ఆసుపత్రిలో ఎవరైనా "బిడ్డను ఇప్పిస్తాం" అని డబ్బు అడిగితే నమ్మకండి, మాకు చెప్పండి.

మీరు చేయగలిగింది

నాకు ఒక్కతే కూతురు. రెండో బిడ్డ సంగతి ఎంతోమంది అడిగారు, మా అత్తగారు ఒక్కసారి కూడా అడగలేదు. ఆవిడ అడిగింది, "నైట్ డ్యూటీ ఉన్న రోజు పిల్లను నా దగ్గర పడుకోబెట్టనా?" అని. పెద్దవారు సాయంగా ఏం చేయగలరో ముందే చెబితే పిల్లలకి లెక్క వేసుకోవడం సులువవుతుంది. బిడ్డను పగలు చూడగలరా, చూడలేరా, కాన్పు ఖర్చుకి ఎంత ఇవ్వగలరు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మోకాళ్ల నొప్పులతో చూడలేకపోతే అదీ చెప్పండి. తరువాత వాళ్లను వదిలేయండి.

సలహా కోసం వచ్చే దంపతులు ఇద్దరూ కలిసి రండి. భార్య ఆఖరి ముట్టు తేదీ గుర్తుపెట్టుకుని రండి. పాత చీటీలు, వాడుతున్న మందులు, సికిల్ సెల్ కార్డు ఉంటే అది కూడా తెచ్చుకోండి. మాట్లాడేది గది తలుపు వేసి, మేము, మీరు ఇద్దరే. వెంట వచ్చిన పెద్దవారు ఈలోగా బయట బి.పి., షుగరు చూపించుకోవచ్చు.